సరుకు బిల్లుల ఫ్యాక్టరింగ్: అమెరికాలో ఓనర్ కం డ్రైవర్లకు పడే ఖర్చు

సరుకు దించేసిన తర్వాత రావలసిన కిరాయి కోసం నెలా నెలన్నర ఎదురుచూడకుండా, ఆ బిల్లును కొంత తగ్గించి మరో సంస్థకు అమ్మేసి, మర్నాటికల్లా డబ్బు చేతికి తెచ్చుకునే పద్ధతి ఫ్యాక్టరింగ్. బిల్లు కొనే సంస్థను ఫ్యాక్టర్ అంటారు. అమెరికాలో సొంత బండి, సొంత రవాణా అనుమతితో తిరిగే ఓనర్ కం డ్రైవర్లలో చాలామంది దీని మీదే బండి నడుపుకొస్తున్నారు. ఫ్యాక్టర్లు బిల్లు మొత్తం మీద మామూలుగా 1 నుంచి 5 శాతం దాకా తీసుకుంటాయి. ఒకటి రెండు బండ్లున్న వారికి ఎక్కువగా చెప్పే రేటు 2 నుంచి 4 శాతం. వినడానికి చిన్న అంకెలే. కానీ ఆ శాతం ఎన్ని రోజులకు, ఏ మొత్తం మీద, ఎవరి పూచీ మీద అన్నవి తేలేదాకా అసలు ఖర్చు తేలదు.

నేపథ్యం

అమెరికాలో 1935 నుంచి నలభై అయిదేళ్ల పాటు అంతర్రాష్ట్ర లారీ రవాణా చాలావరకు ఇంటర్‌స్టేట్ కామర్స్ కమిషన్ గుప్పిట్లో ఉండేది. ఏ మార్గంలో ఎవరు తిరగాలో, ఏ సరుకు మోయాలో, ఎంత కిరాయి తీసుకోవాలో దాని అనుమతితోనే జరగాలి. పొలం నుంచి నేరుగా వచ్చే పంట లాంటి కొన్ని సరుకులకు మినహాయింపు ఉండేది. అందుకే ఒంటి బండి వాళ్లు అలాంటి సరుకు మోసేవారు, లేదంటే పెద్ద కంపెనీకి బండిని లీజుకిచ్చేవారు. 1980 జూలై 1న అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకం చేసిన మోటార్ క్యారియర్ చట్టం ఆ కట్టుబాట్లను చాలావరకు సడలించింది. 1995 చివరికి కమిషనే రద్దయింది. ఇప్పుడు అనుమతులిచ్చేది 2000లో ఏర్పడిన ఫెడరల్ మోటార్ క్యారియర్ సేఫ్టీ అడ్మినిస్ట్రేషన్. 300 డాలర్ల రుసుము కట్టి, బీమా పత్రాలు దాఖలు చేస్తే ఒక్క బండి ఉన్న మనిషి కూడా రవాణా సంస్థ అయిపోవచ్చు. దేశంలోని రవాణా సంస్థల్లో 90 శాతానికి పైగా పది బండ్లు దాటనివే.

అనుమతి సులువైంది గానీ, లోడు నేరుగా దొరకడం మాత్రం సులువు కాలేదు. పెద్ద కర్మాగారమో సూపర్‌మార్కెట్ గొలుసో ఒంటి బండి మనిషితో బేరమాడదు. మధ్యలో బ్రోకరు ఉంటాడు. పోర్ట్‌లాండ్‌లోని ఓ ట్రక్ స్టాప్‌లో 1978లో మొదలైన డయల్ ఎ ట్రక్ అనే లోడు బోర్డు ఇప్పుడు డాట్ పేరుతో ఇంటర్నెట్‌లో నడుస్తోంది. అలాంటి బోర్డుల్లో లోడు చూసి, బ్రోకరుకు ఫోన్ చేసి, రేటు ఖాయం చేసుకుని బయల్దేరడమే నేటి పద్ధతి. బ్రోకరు డబ్బిచ్చే గడువు సాధారణంగా బిల్లు అందాక 30 రోజులు. ఆచరణలో 40, 45 రోజులవడం మామూలే.

ఖర్చులకు మాత్రం ఈ గడువు లేదు. అమెరికన్ ట్రాన్స్‌పోర్టేషన్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ లెక్క ప్రకారం 2024లో లారీ నడపడానికి మైలుకు 2.26 డాలర్లు అయింది. ఆ లెక్కలో డ్రైవరు జీతం కూడా కలిసి ఉంది, పైగా అది ఎక్కువగా పెద్ద ఫ్లీట్ల అంకె. ఒంటి బండి మనిషికి డీజిలు పంపు దగ్గరే డబ్బు కట్టాలి. 2022 జూన్‌లో దేశ సగటు డీజిలు ధర గాలన్‌కు 5.8 డాలర్లు తాకింది. అప్పుడు 200 గాలన్లు పట్టిస్తే 1,100 డాలర్లు పైచిలుకు ఒక్కసారిగా వదిలేది. చట్టం అడిగే కనీస బీమా 7.5 లక్షల డాలర్లే అయినా, బ్రోకర్లు 10 లక్షల కవరేజీ, సరుకు మీద మరో లక్ష లేనిదే లోడివ్వరు. కొత్తగా అనుమతి తెచ్చుకున్న వాడికి ఆ ప్రీమియం ఏడాదికి 10 వేల డాలర్లు దాటడం సాధారణమే. మూడు నెలలకోసారి ఇంధన పన్ను లెక్క, ఏడాదికోసారి 550 డాలర్ల భారీ వాహన పన్ను, బండి కిస్తీ, టైర్లు వీటికి తోడు.

పెద్ద కంపెనీకి బండి లీజుకిచ్చి తిరిగే ఓనర్ కం డ్రైవర్ల సంగతి వేరు. డెలివరీ కాగితాలు అందిన 15 రోజుల్లో కంపెనీ వాళ్లకు డబ్బు ఇవ్వాలని కేంద్ర లీజు నిబంధనలు చెబుతున్నాయి. వాళ్లకు ఫ్యాక్టరింగ్ అవసరం దాదాపు రాదు. ఈ ఖర్చు సొంత అనుమతి మీద తిరిగే వాళ్ల మీదే పడుతుంది. అందులోనూ మొదటి ఏడాది వాళ్ల మీద ఎక్కువ.

లావాదేవీ నడిచే తీరు

లోడు ఒప్పుకోగానే బ్రోకరు రేట్ కన్ఫర్మేషన్ పంపుతాడు. ఎక్కడ ఎత్తాలి, ఎక్కడ దించాలి, ఎంత కిరాయి, ఆలస్యమైతే ఏం కోత అన్నవన్నీ అందులో ఉంటాయి. ఒంటి బండి మనిషి అప్పటికే తన ఫ్యాక్టర్ వెబ్‌సైటులో ఆ బ్రోకరు పేరు కొట్టి చూసి ఉంటాడు. ఆ బ్రోకరు బిల్లు కొంటామని అక్కడ ఉంటేనే లోడు ఒప్పుకుంటాడు. కొనమని ఉంటే, ఎంత మంచి కిరాయైనా వదిలేస్తాడు. ఈ పరపతి తనిఖీని ఉచితంగా ఇచ్చే ఫ్యాక్టర్లు చాలా ఉన్నాయి. ఫ్యాక్టరింగ్ వల్ల వచ్చే లాభాల్లో నా లెక్కన ఇదే అన్నిటికంటే విలువైనది. మోసకారి బ్రోకరు చేతిలో ఒక్క లోడు డబ్బు పోతే, ఏడాదిలో చాలా బిల్లుల మీద కట్టిన రుసుముతో సమానం.

సరుకు దించాక, గోదాము మనిషి సంతకం చేసిన సరుకు రసీదు బిల్ ఆఫ్ లేడింగ్‌ను ఫోన్‌తో ఫొటో తీసి, రేట్ కన్ఫర్మేషన్, బిల్లుతో కలిపి ఫ్యాక్టర్‌కు పంపాలి. సంతకం మసకగా ఉన్నా, గోదాము మనిషి ఓ మూల రెండు పెట్టెలు తక్కువ అని రాసినా బిల్లు ఆగిపోతుంది. అన్నీ సరిగా ఉంటే ఫ్యాక్టర్ బ్రోకరుకు ఫోన్ చేసో, ఆన్‌లైన్‌లోనో సరిచూసుకుని, ముందస్తు మొత్తాన్ని బ్యాంకు ఖాతాలోకి పంపుతుంది. మధ్యాహ్నం గడువు దాటకపోతే అదే రోజు, లేదంటే మర్నాడు.

దీనికంటే ముందే ఫ్యాక్టర్ ప్రతి బ్రోకరుకూ నోటీస్ ఆఫ్ అసైన్‌మెంట్ పంపి ఉంటుంది. ఈ రవాణా సంస్థ బిల్లుల డబ్బు ఇకపై మాకే కట్టండి అని దాని సారాంశం. అమెరికా రాష్ట్రాలన్నీ అమలు చేసే యూనిఫాం కమర్షియల్ కోడ్ తొమ్మిదో ఆర్టికల్ ప్రకారం, ఈ నోటీసు అందాక బ్రోకరు పొరపాటున డ్రైవరుకే డబ్బు కట్టినా అతని బాకీ తీరదు. ఫ్యాక్టర్‌కు మళ్లీ కట్టాల్సిందే. బ్రోకర్ల లెక్కల విభాగాలు ఈ నోటీసుకు జంకేది ఇందుకే.

రుసుము లెక్క

రుసుము రెండు రకాలు. ఒకటి మొత్తం మీద ఒకే శాతం, అంటే బ్రోకరు 20 రోజుల్లో కట్టినా 50 రోజుల్లో కట్టినా అంతే. రెండోది రోజులను బట్టి పెరిగేది. మొదటి 30 రోజులకు 2 శాతం, ఆపైన ప్రతి 10 రోజులకు అర శాతం అన్న ఒప్పందం ఉందనుకుందాం. బ్రోకరు 45 రోజులకు కడితే 2 శాతం 3 అవుతుంది. ప్రకటనల్లో పెద్ద అక్షరాల్లో కనిపించేది ఆ మొదటి 2 శాతమే.

ముందస్తు మొత్తం కూడా ఒకలా ఉండదు. ఓనర్ కం డ్రైవర్లకు బిల్లులో 95 నుంచి 97 శాతం ఇచ్చి, మిగిలిందే రుసుముగా తీసుకునే ఒప్పందాలున్నాయి. 90 శాతం ఇచ్చి, మిగతా 10 శాతం రిజర్వుగా ఆపుకుని, బ్రోకరు కట్టాక రుసుము పోను తిరిగిచ్చేవి కూడా ఉన్నాయి. రిజర్వుగా ఆగిన డబ్బు మీద వడ్డీ రాదు. కాబట్టి తక్కువ ముందస్తు ఇచ్చే సంస్థ చెప్పే 2.5 శాతం, ఎక్కువ ముందస్తు ఇచ్చే సంస్థ చెప్పే 3 శాతం పక్కపక్కన పెట్టి పోల్చదగినవి కావు.

డాలస్ నుంచి అట్లాంటాకు దాదాపు 780 మైళ్లు. ఆ లోడుకు కిరాయి 1,800 డాలర్లు అనుకుందాం. 3 శాతం రుసుము 54 డాలర్లు, చేతికి 1,746 వచ్చాయి. బ్రోకరు 40 రోజులకు కట్టాడు. అంటే 1,746 డాలర్లను 40 రోజులు వాడుకున్నందుకు 54 డాలర్లు. ఏడాదికి మార్చి చూస్తే వడ్డీ 28 శాతం పైన. బ్రోకరు 30 రోజులకే కడితే అదే 54 డాలర్లు ఏడాదికి దాదాపు 38 శాతం అవుతుంది. 15 రోజులకు కట్టే మంచి బ్రోకరైతే 75 శాతం. ఒకే శాతం ఒప్పందంలో, త్వరగా కట్టే బ్రోకర్లతో పనిచేసే డ్రైవరే ఎక్కువ వడ్డీ కడుతున్నాడు. వింతగా ఉన్నా లెక్క అంతే. నెమ్మదిగా కట్టే బ్రోకర్ల దగ్గర లోడు ఎత్తేవాడికి ఒకే శాతం ఒప్పందం లాభం, గబగబా కట్టేవాళ్ల దగ్గర ఎత్తేవాడికి రోజుల లెక్క లాభం. ఏ ఒప్పందం మంచిదో చెప్పేది ఫ్యాక్టర్ కరపత్రం కాదు, గత మూడు నెలల్లో తన బ్రోకర్లు ఎన్ని రోజులకు కట్టారన్న జాబితా.

ఇదే లెక్కను ఏడాదికి వేస్తే విషయం ఇంకా స్పష్టమవుతుంది. ఏడాదికి 2 లక్షల డాలర్ల కిరాయి సంపాదించే బండి 3 శాతం చొప్పున 6,000 డాలర్లు ఫ్యాక్టర్‌కు కడుతుంది. సగటున 40 రోజుల బాకీ అంటే ఏ రోజు చూసినా బ్రోకర్ల దగ్గర ఉండిపోయే డబ్బు సుమారు 22 వేల డాలర్లు. అంటే తన దగ్గర లేని 22 వేల డాలర్లకు బదులుగా ఏటా 6 వేలు కడుతున్నాడన్నమాట. మొదటి ఏడాది తప్పదు. అయిదో ఏడాదిలోనూ అదే జరుగుతుంటే, ఆపాటికి కట్టిన 30 వేలతో ఆ పెట్టుబడి సమకూరి ఉండేది.

పైగా రుసుము పడేది లాభం మీద కాదు, మొత్తం కిరాయి మీద. డీజిలు, బీమా, కిస్తీ, మరమ్మతులు పోను 2 లక్షల్లో 60 వేలు మిగిలాయనుకుంటే ఆ 6 వేలు మిగులులో పదో వంతు. కిరాయిలు పడిపోయి మిగులు 30 వేలకు దిగితే అయిదో వంతు. 2021లో రేట్లు ఆకాశంలో ఉన్నప్పుడు ఎవరూ పట్టించుకోని 3 శాతం, 2022 వసంతం నుంచి కిరాయిలు జారిపోయాక బరువుగా కనిపించింది ఇందుకే.

చిల్లర కోతలు

పెద్ద అక్షరాల శాతం పక్కనే చిన్న అక్షరాల జాబితా ఉంటుంది. అదే రోజు డబ్బు కావాలంటే వైర్ రుసుము 15 నుంచి 30 డాలర్లు. బిల్లుకు ఇంత చొప్పున ప్రాసెసింగ్ రుసుము, పరపతి తనిఖీ రుసుము, తపాలా పెట్టె రుసుము, నెలకు ఇన్ని వేల డాలర్ల బిల్లులు ఇవ్వకపోతే కనీస రుసుము, చేరేటప్పుడు దరఖాస్తు రుసుము కూడా ఉండొచ్చు. పైన చెప్పిన 1,800 డాలర్ల బిల్లుకు 20 డాలర్ల వైర్ ఛార్జీ కలిస్తే 54 కాస్తా 74 అవుతుంది, 3 శాతం 4 దాటిపోతుంది. లోడు చిన్నదయ్యే కొద్దీ ఈ స్థిర ఛార్జీలు ఇంకా ఎక్కువ కొరుకుతాయి. 600 డాలర్ల దగ్గరి లోడుకు 20 డాలర్ల వైర్ ఒక్కటే 3 శాతం పైన.

సరుకు ఎత్తగానే, దించకముందే కిరాయిలో 40, 50 శాతం ఇచ్చే ఇంధన అడ్వాన్సు మరో సదుపాయం. దీనికి విడిగా రుసుము ఉంటుంది. రేపటికి ట్యాంకులో డీజిలు లేనివాడికి ఇది ప్రాణం పోస్తుంది, అలవాటైపోతే మాత్రం ప్రతి లోడు మీదా రెండు కోతలు.

అందరూ మరిచిపోయే కోత ఒకటి ఉంది. అమెరికా గోదాముల్లో చాలాచోట్ల సరుకు దించేవాళ్లకు డ్రైవరే ముందు డబ్బు కట్టాలి, వాళ్లను లంపర్లు అంటారు. మన హమాలీల వంటి వాళ్లే. ఆ రసీదు చూపితే బ్రోకరు తర్వాత తిరిగి కడతాడు. డ్రైవరు 200 డాలర్ల లంపర్ రసీదును కిరాయితో కలిపి ఒకే బిల్లు వేస్తే, ఫ్యాక్టర్ 3 శాతం ఆ 200 మీద కూడా పడుతుంది. అది ఆదాయం కాదు, తన జేబులోంచి పోయిన డబ్బే తిరిగి వస్తోంది. దాని మీద 6 డాలర్లు పోయాయి. హాల్టింగ్ డబ్బులకూ ఇదే వర్తిస్తుంది. గోదాము దగ్గర గంటలు గంటలు నిలబెట్టినందుకు వచ్చే ఆ మొత్తాన్ని బ్రోకరు ఒప్పుకోవడానికి రోజులు పడుతుంది కాబట్టి, దాన్ని అసలు కిరాయి బిల్లులో కలపకుండా విడిగా వేయడం మేలు. లేకపోతే హాల్టింగ్ తగువు తేలేదాకా కిరాయి కూడా ఆగిపోతుంది.

పూచీ ఎవరిది

బ్రోకరు డబ్బు ఎగ్గొడితే నష్టం ఎవరిదన్న దాన్ని బట్టి ఫ్యాక్టరింగ్ రెండు రకాలు. రికోర్సు ఒప్పందంలో, 60 లేదా 90 రోజుల్లో బ్రోకరు కట్టకపోతే డ్రైవరే ఆ బిల్లును తిరిగి కొనుక్కోవాలి. ఫ్యాక్టర్ దాన్ని రాబోయే బిల్లుల డబ్బులోంచి కోసేస్తుంది. అప్పటికే తీసుకున్న రుసుము సాధారణంగా వెనక్కి రాదు. నాన్ రికోర్సులో ఆ నష్టం ఫ్యాక్టర్‌ది. అందుకే రుసుము కాస్త ఎక్కువ.

నాన్ రికోర్సు అన్న మాట విని నిశ్చింతగా ఉండేవాళ్లు ఒప్పందం చదవనివాళ్లే. చాలా ఒప్పందాల్లో ఆ రక్షణ బ్రోకరు దివాలా తీసినప్పుడో, ఆర్థికంగా కట్టలేని స్థితిలో ఉన్నప్పుడో మాత్రమే వర్తిస్తుంది. సరుకు దెబ్బతింది, ఆలస్యంగా వచ్చింది, పెట్టెలు తగ్గాయి అని బ్రోకరు పేచీ పెడితే అది డ్రైవరు మెడకే చుట్టుకుంటుంది. నిజానికి డబ్బు ఆగే సందర్భాల్లో దివాలాల కంటే పేచీలే ఎక్కువ. ఇంకో రవాణా సంస్థకు లోడును దొంగచాటుగా మళ్లించే డబుల్ బ్రోకరింగ్ మోసాల్లో కూడా బిల్లే చెల్లదంటూ భారం డ్రైవరు మీదికి నెట్టే షరతులుంటాయి.

బ్రోకరు మునిగిపోతే చట్టం ఇచ్చే ముఖ్యమైన ఆసరా అతను పెట్టిన 75 వేల డాలర్ల బాండు. 2013 అక్టోబరు దాకా అది 10 వేలే. పెంచినా, బ్రోకరు మునిగిన రోజున బాకీ పడ్డవాళ్లు వందల్లో ఉంటే ఆ 75 వేలను వాళ్లంతా పంచుకోవాలి.

ఒప్పందంలోంచి బయటపడే ఖర్చు

చేరడం ఒక్క రోజు పని. బయటికి రావడం అలా కాదు. ఏడాది గడువు ఒప్పందాలు చాలావరకు వాటంతటవే మళ్లీ ఏడాదికి పొడిగించుకుంటాయి. వద్దనుకుంటే గడువుకు 30, 60 లేదా 90 రోజుల ముందు రాతపూర్వకంగా చెప్పాలి. ఆ గడువు దాటితే మధ్యలో వదిలేసినందుకు జరిమానా. ఆ జరిమానాను కొన్ని సంస్థలు గత నెలల సగటు రుసుము మీద, కొన్ని మంజూరు చేసిన పరిమితి మీద లెక్కిస్తాయి. ఈ రెండో పద్ధతిలో వాడని పరిమితికి కూడా శాతం కట్టాల్సి వస్తుంది.

సంతకం పెట్టిన రోజే ఫ్యాక్టర్ రాష్ట్ర కార్యాలయంలో యూసీసీ 1 అనే పత్రాన్ని దాఖలు చేస్తుంది. బిల్లుల మీద తన హక్కును లోకానికి చెప్పే పత్రమది. అయిదేళ్లు చెల్లుతుంది. కొందరు ఫ్యాక్టర్లు బిల్లులతో ఆగకుండా సంస్థ ఆస్తులన్నిటి మీదా రాయించుకుంటారు. ఆ తర్వాత రెండో బండికి బ్యాంకు అప్పు అడిగితే, బ్యాంకుకు ముందుగా కనిపించేది ఈ దాఖలాయే. బాకీలన్నీ తీరాక రాతపూర్వకంగా కోరితే 20 రోజుల్లో దాన్ని ఎత్తేయడమో, ఎత్తేసే పత్రం ఇవ్వడమో చేయాలి. కొత్త ఫ్యాక్టర్‌కు మారాలంటే అది పాత ఫ్యాక్టర్ బాకీ చెల్లించి విడుదల లేఖ తెచ్చుకోవాలి. ఈ ఇద్దరి మధ్య కాగితాలు తిరిగే వారం పది రోజుల్లో డ్రైవరు బిల్లులు ఎవరూ కొనరు. మారేటప్పుడు డీజిలుకు విడిగా డబ్బు దాచుకోనివాడు ఇక్కడే ఇరుక్కుపోతాడు.

దారి తప్పిన చెల్లింపు షరతు కూడా చదవాల్సిందే. బ్రోకరు పొరపాటున చెక్కును డ్రైవరుకే పంపితే, దాన్ని ఫ్యాక్టర్‌కు చేర్చాలి. సొంత ఖాతాలో వేసుకుంటే ఆ మొత్తం మీద 15 శాతం దాకా జరిమానా వేసే ఒప్పందాలున్నాయి. వ్యక్తిగత హామీ సరేసరి. కంపెనీ పేరు మీద పెట్టినా, యజమాని సొంత సంతకం లేనిదే ఒప్పందం కుదరదు.

ప్రత్యామ్నాయాలు

చాలా బ్రోకరేజీలు క్విక్ పే పేరుతో 1 నుంచి 3 శాతం తగ్గించి ఒకటి రెండు రోజుల్లో తామే కట్టేస్తాయి. ఒప్పందం, దాఖలా, జరిమానా ఏవీ లేవు. కావలసిన లోడుకే వాడుకోవచ్చు. అయితే ఫ్యాక్టర్‌తో అన్ని బిల్లులూ మీకే అని రాసిచ్చినవాడు క్విక్ పే తీసుకోకూడదు, నోటీసు అందుకున్న బ్రోకరు ఇవ్వడు కూడా. నలుగురైదుగురు స్థిరమైన బ్రోకర్లతోనే పనిచేసే వాడికి క్విక్ పే చవక. రోజుకో కొత్త బ్రోకరు దగ్గర లోడెత్తేవాడికి ఫ్యాక్టర్ పరపతి తనిఖీ, వసూలు పని కలిసొస్తాయి.

బ్యాంకు క్రెడిట్ లైన్ వడ్డీ ఈ రేట్లకు దరిదాపుల్లో కూడా ఉండదు, చాలా తక్కువ. కానీ బ్యాంకు రెండేళ్ల పన్ను పత్రాలు, లాభాల చరిత్ర అడుగుతుంది. ఫ్యాక్టర్ చూసేది డ్రైవరు పరపతిని కాదు, బ్రోకరు పరపతిని. అందుకే నిన్న మొన్న అనుమతి తెచ్చుకున్నవాడికి, అప్పు చరిత్ర చెడిపోయినవాడికి ఈ తలుపే తెరిచి ఉంటుంది.

డీజిలు కార్డు రాయితీని కూడా లెక్కలో వేయాలి. ఏడాదికి లక్ష మైళ్లు, గాలన్‌కు ఆరున్నర మైళ్లు వచ్చే బండి 15 వేల గాలన్లు పైన తాగుతుంది. ఫ్యాక్టర్ కార్డు మీద గాలన్‌కు 30 సెంట్లు నిజంగా తగ్గితే ఏడాదికి 4,600 డాలర్లు మిగులుతాయి. పైన చెప్పిన 6 వేల రుసుములో మూడొంతులు వెనక్కి వచ్చినట్టే. అయితే ఆ రాయితీ బోర్డు మీద రాసిన ధర మీదా, నగదు ధర మీదా అన్నది చూసుకోవాలి. ఫ్యాక్టరింగ్ లేకుండా కూడా డీజిలు కార్డులు దొరుకుతాయి కాబట్టి, ఆ రెండు కార్డుల తేడాను మాత్రమే ఫ్యాక్టరింగ్ ఖాతాలో రాయాలి.

చట్టం

ఫ్యాక్టరింగ్ అప్పా, అమ్మకమా అన్నది అమెరికా కోర్టుల్లో పాత ప్రశ్నే. అప్పయితే అధిక వడ్డీ నిషేధ చట్టాలు వర్తించవచ్చు. అమ్మకమైతే వర్తించవు. వసూలు కాని ప్రమాదం నిజంగా ఎవరికి బదిలీ అయిందో చూడాలన్నది 1995 నాటి ఎండికో పొటాటోస్ తీర్పులో న్యూయార్క్ ప్రాంతపు అప్పీళ్ల కోర్టు పట్టిన కొలత. ఆ కొలతతో చూస్తే పూర్తి రికోర్సు ఫ్యాక్టరింగ్ అప్పుకు చాలా దగ్గర. కానీ టెక్సస్ ఫైనాన్స్ కోడ్ మాత్రం, ఇరుపక్షాలూ దీన్ని ఖాతాల అమ్మకం అని రాసుకుంటే ఆ రాతే అంతిమం అంటుంది. లారీ బిల్లులు కొనే పేరున్న సంస్థల్లో కొన్ని డాలస్, ఫోర్ట్ వర్త్ చుట్టుపక్కలే ఉన్నాయి.

ఖర్చు బయటపెట్టాలన్న నిబంధనలు ఇటీవలివి. కాలిఫోర్నియా 2018లో చేసిన చట్టం, 2022 డిసెంబరు 9 నుంచి అమల్లోకి వచ్చిన నిబంధనల ద్వారా, 5 లక్షల డాలర్ల లోపు వ్యాపార రుణాలకు, ఫ్యాక్టరింగ్‌కు వార్షిక రేటు అంచనాను ముందే చెప్పాలంటోంది. న్యూయార్క్‌లో ఇదే తరహా నిబంధన 25 లక్షల డాలర్ల దాకా, 2023 ఆగస్టు 1 నుంచి. రెండు చోట్లా బ్యాంకులకు మినహాయింపు ఉంది. యూటా, జార్జియా, ఫ్లోరిడా కూడా చట్టాలు చేశాయి గానీ, ఖర్చును డాలర్లలో చెబితే చాలన్నాయి, వార్షిక రేటు అక్కర్లేదన్నాయి. 3 శాతం పక్కన 28 శాతం అని రాయించడమే ఈ నిబంధనల మీద తగువుకు మూలం. బిల్లు అమ్మకానికి వార్షిక వడ్డీ లెక్కేమిటని ఫ్యాక్టర్ల వాదన. పోల్చడానికి వేరే కొలత లేదన్నది రెండో పక్షం మాట. ఈ వ్యాసం లెక్కలు ఏ పక్షానివో పాఠకుడికి తెలుస్తూనే ఉంది.

ఏటా కట్టిన ఫ్యాక్టరింగ్ రుసుము వ్యాపార ఖర్చుగా పన్ను లెక్కలో తీసివేసుకోవచ్చు. నికర ఖర్చు ఆ మేరకు తగ్గుతుంది.

భారతదేశంలో

మన దగ్గర ఫ్యాక్టరింగ్ రెగ్యులేషన్ చట్టం 2011 నాటిది, 2021లో సవరించారు. రిజర్వు బ్యాంకు 2014 డిసెంబరు మార్గదర్శకాల మీద వచ్చిన ట్రెడ్స్ వేదికల్లో చిన్న సంస్థ బిల్లును పెద్ద కొనుగోలుదారు ఒప్పుకున్నాక, బ్యాంకులు పోటీపడి వేలంలో కొంటాయి. వడ్డీ కొనుగోలుదారు పరపతిని బట్టి తేలుతుంది, రికోర్సు ఉండదు. అమెరికా ఓనర్ కం డ్రైవరు చూస్తే ఆశపడే ఏర్పాటే.

ఆంధ్ర, తెలంగాణ లారీ యజమాని మాత్రం దీని అవసరం లేకుండానే చాలావరకు నడుస్తున్నాడు, ఎందుకంటే ఇక్కడి ఆచారం వేరు. విజయవాడ ఆటోనగర్‌లోనో హైదరాబాద్‌లోనో ట్రాన్స్‌పోర్టు ఆఫీసు లోడెత్తేటప్పుడే కిరాయిలో పెద్ద భాగం అడ్వాన్సుగా చేతికిస్తుంది. మిగతా బాకీ, సరుకు ముట్టిన రసీదు వెనక్కి చేరాక. ఆ అడ్వాన్సుకు పెట్టుబడి పెట్టేది ట్రాన్స్‌పోర్టు ఆఫీసు, దాని ఖరీదు కమీషన్లోనో కిరాయి రేటులోనో కలిసిపోతుంది, విడిగా శాతంగా కనిపించదు. ట్రెడ్స్‌లో బిల్లు పెట్టగలిగేది సిమెంటు కంపెనీకో ఎరువుల కంపెనీకో నేరుగా బిల్లు వేసే ట్రాన్స్‌పోర్టు కాంట్రాక్టరు. అతని కింద లారీ తిప్పేవాడికి ఆ కంపెనీ బాకీదారే కాదు, కాబట్టి అమ్ముకోవడానికి అతని చేతిలో బిల్లే ఉండదు.